రొట్టె ముక్కల గిర్నీ

నేను షోలాపూర్ పూర్వభాగం నుంచి రాస్తున్న. చదివింది నాలుగో తరగతి దాకే, తప్పులుంటే మన్నించండి.

మా మనుమరాలు పదకొండో క్లాసు. ఒకరోజు ఫోన్‌లో జపాన్ ఆయన తీసిన ఫోటోలు చూపించింది. పేరు తత్సుయా తనాకా. 2011 ఏప్రిల్ నుంచి రోజుకొక ఫోటో పెడుతున్నాడట. బ్రకోలీ అని పచ్చ గోబీ ఉంటది కదా, దాని ముక్క నిలబెట్టి కింద గోరంత మనుషులను పెడితే అదే పెద్ద చెట్టు! "తాతా, మనం నీ గిర్నీ చేద్దాం" అన్నది పిల్ల.

ఆ మనుషులు రైలు బొమ్మల ఆటకు చేసేవాళ్లు. అసలు మనిషిలో 87వ వంతు, రెండు సెంటీమీటర్లు కూడా ఉండరు. ప్యాకెట్ తెప్పించింది. విప్పి చూస్తే అందరూ కోటు, సూటుకేసు వాళ్లే. చాదర్ నేసేవాడు ఒక్కడు లేడు. గోళ్ల రంగుతో ఇద్దరికి బనీన్లు తొడిగినం.

"గేటు ఏ వైపు? కప్పు ఎట్లుండె?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. గిర్నీ మూతపడి పాతికేళ్లు దాటింది. రావలసిన పైసలు సగం ఇప్పటికీ రాలేదు. ఆ కోపంతో మళ్లీ అటు అడుగు పెట్టలేదు.

ఆదివారం పొద్దున ఇద్దరం ఆటో ఎక్కినం. సిద్ధేశ్వర చెరువు పక్క నుంచి పోయినం. నేను దారి చెప్పబోతే తప్పు సందులో దించినాడు, తప్పు నాదే. అక్కడ సగం గోడ ఉంది. లోపల సర్కారు తుమ్మ. ఆ వెనక ఎత్తు బిల్డింగులు. చెప్పు కొనతో మట్టి మీద గీసి చూపించిన: ఇది గేటు, ఇక్కడ టైమ్ ఆఫీసు, ఇక్కడ చాయ్ బండి. రంపం పళ్ల లాంటి కప్పు, ఎండ మీద పడకుండా వెలుతురు మాత్రం వచ్చేటట్టు. భోంగా మోగినాక గేటు దాటితే ఆ పూట పని లేదు. పిల్ల అన్నీ రాసుకున్నది.

ఇంటికొచ్చి పని మొదలుపెట్టినం. మన కడక్ జొన్న రొట్టెను మూడు మూలలుగా విరిస్తే రంపం కప్పు. మునగకాయ ముక్క చిమ్నీ. సాంచ మీద పడుగు పోగులకు సేమియా. రొట్టె విరగడంలో నాలుగు పాడైనవి, అవి అక్కడికక్కడే నా కడుపులోకి. మనుషులు పడిపోకుండా కాళ్ల కింద తడి పిండి చుక్క. ఎండ నెత్తి మీద ఉంటే నీడ రాదు, అందుకని పొద్దున కిటికీ పక్కన పెట్టి, అవతలి వైపు స్టీలు తాంబాళం నిలబెట్టి వెలుతురు తిప్పినం. ఫోన్ తలకిందులు పట్టుకోవాలి, అప్పుడు కెమెరా కన్ను పళ్లెం ఎత్తుకు దిగుతది. మరీ దగ్గరికి పోతే మసక. మనిషి మీద వేలితో తాకితే ఆ మనిషి తేటగా వచ్చి, వెనక చాదర్ మసకగా ఆకాశమైంది.

మా ఇంటామె వచ్చి వంగి చూసింది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అందరూ మొగోళ్లే ఉన్నరు. గిర్నీ మూసినాక పొయ్యి ఎవరు వెలిగించినరో అది లేదా?" అన్నది.

నిజమే. రోజుకు వెయ్యి బీడీలు చుట్టి ముగ్గురు పిల్లలను సాకింది ఆమె. నేను పవర్‌లూమ్ కార్ఖానాలో కుదురుకునే దాకా ఆ తునికాకు మీదే ఇల్లు నడిచింది. నాకు గుర్తే రాలేదు.

మళ్లీ అమర్చినం. గిర్నీ వెనక్కి పోయింది. ముందర రొట్టె ముక్క గడప. కూర్చున్న ఒక బొమ్మకు ఎర్ర చీర పూసింది పిల్ల. చాటకు శనగపప్పు బద్ద. బీడీలకు జీలకర్ర పెడితే ఆమె నవ్వింది: "అవి బీడీలా, కట్టెలా?" తీసేసి గసగసాలు పోసినం. అప్పుడు సరే అన్నది. "కొంగు ఎడమ భుజం మీదికి రావాలె" అని కూడా దిద్దించింది.

ఫోటో కొడుకు ఫోన్‌కు పోయింది, పుణేలో ఉంటడు. వాడు ఒక్క మాట రాసిండు: "అమ్మ పక్కన నేనెక్కడ?" ఇంకో బొమ్మ కావాలె అని పిల్ల మళ్లీ ప్యాకెట్ వెతుకుతున్నది. చిన్న పిల్లలవి వేరేగా అమ్ముతరట.

మధ్యాహ్నం గిర్నీ కప్పును పల్లి చట్నీతో తిన్నం. చిమ్నీ పప్పుచారులోకి పోయింది.