గడియ ముందే తీసింది!

ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపినవాణ్ని. ‘మీ అమ్మాయి ఏం చేస్తోంది?’ అని ఎవరైనా అడిగితే ‘అదీ డ్రైవరే. కాకపోతే దాని బండి గాల్లో తిరుగుతుంది’ అని చెప్పుకుని మురిసిపోతుంటాను. కరీంనగర్ దగ్గర ఉన్న రెండెకరాలూ అమ్మి, రిటైర్మెంటు డబ్బు కలిపి, అదీ చాలక బ్యాంకులో అప్పు చేసి దాన్ని పైలట్ శిక్షణకు పంపాం. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు రావాలంటే 200 గంటలు విమానం నడిపి ఉండాలి. అందులో 118 గంటలు పూర్తయ్యాక, 2022 వానాకాలంలో, మా అమ్మాయి నడుపుతున్న విమానం పక్క రాష్ట్రంలో ఓ పత్తి చేలో తలకిందులైంది.

ఏదో తెలియని నంబరు నుంచి ఫోన్ చేసింది. “నాన్నా, నేను బాగానే ఉన్నాను” అన్నాకే మిగతాది చెప్పింది. డ్రైవర్ల ఇళ్లలో పద్ధతే అది. ముందు మనిషి సంగతి, తర్వాతే బండి సంగతి.

నాలుగు నిమిషాల వ్యవధి

అది సెస్నా 172 రకం విమానం. నాలుగు సీట్లు, ఒకే ఇంజిను. రెక్కలు పైన ఉంటాయి. అటొక తలుపు, ఇటొక తలుపు. పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారు. మూడు వేల అడుగుల ఎత్తులో ఇంజిను ఉన్నట్టుండి మూగబోయింది. ఇంజిను ఆగితే విమానం రాయిలా పడిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదట. సరైన వేగం పట్టి ఉంచితే గద్దలా జారుతూ దిగుతుంది. ఆ ఎత్తు నుంచి, గాలి ఎదురు లేకపోతే, సుమారు 8 కిలోమీటర్లు పోతుంది. అంటే చేతిలో నాలుగు నిమిషాలుంటాయి.

ఇన్‌స్ట్రక్టర్ కంట్రోల్స్ అందుకున్నారు. మా అమ్మాయి ఇంజిన్ని మళ్లీ అందుకునేలా చేయడానికి ప్రయత్నించింది. కాలేదు. రేడియోలో ‘మేడే’ చెప్పింది. ఇంధనం కట్టేసింది, ఇగ్నిషన్ ఆపేసింది, బెల్టులు బిగించింది. చివరగా తన పక్క తలుపు గడియ తీసి పెట్టింది.

“గాల్లో ఉండగా తలుపు తీయడమేంటమ్మా?” అనడిగాను.

“నేలను గుద్దుకుంటే బాడీ వంకరపోతుంది నాన్నా. తలుపు చట్రంలో బిగుసుకుపోతే లోపలే ఉండిపోతాం. అందుకే ముందే తీసి పెట్టమని చెక్‌లిస్టులోనే రాసి ఉంటుంది.”

నాకు ఇట్టే అర్థమైంది. చెట్టును గుద్దిన లారీల్లో డ్రైవరు తలుపు ఎలా బిగుసుకుపోతుందో నేను చూశాను. అమెరికా రచయిత హెమింగ్వే సంగతి అప్పుడే చెప్పింది. 1954 జనవరిలో ఉగాండాలో ఆయన ఎక్కిన చిన్న విమానం టేకాఫ్‌లోనే కూలి అంటుకుంది. తలుపు రాలేదు. భార్య కిటికీలోంచి బయటపడింది. భారీ మనిషి కావడంతో ఆయన అందులో పట్టలేదు. చివరికి తలతో తలుపును కుమ్మి బయటికొచ్చాడట! ఆ దెబ్బలు ఆయన్ని చాలాకాలం పీడించాయి.

చక్రాలు నేలను బాగానే తాకాయి. కానీ వానలకు నానిన నల్లరేగడి... ముందు చక్రం కూరుకుపోయి విమానం పల్టీ కొట్టింది.

ముందు చెయ్యి, తర్వాత బెల్టు

కళ్లు తెరిచేసరికి తల కిందికి వేలాడుతోంది. పెట్రోలు వాసన ముక్కుకు కొడుతోంది. అలాంటప్పుడు ఎవరైనా మొదట చేసే పని బెల్టు ఊడదీయడం. అలా చేస్తే మెడ మీద పడతాం. పైకప్పే నేలయింది కాబట్టి, ఒక చెయ్యి దానికి గట్టిగా ఆనించి, కాళ్లు తన్నిపెట్టి, అప్పుడు బెల్టు తీయాలి. మా అమ్మాయి అలాగే చేసింది. తలుపును తన్నింది. తెరుచుకుంది. ఇన్‌స్ట్రక్టర్ వైపు తలుపు మట్టిలో ఇరుక్కుపోయింది. ఆయన భుజం పనిచేయడం లేదు. చొక్కా పట్టుకుని తన పక్క నుంచే బయటికి లాగింది. ఇద్దరూ గాలి వస్తున్న వైపుకి పరుగెత్తారు. పొగ, మంట గాలివాటానికే పోతాయి కదా!

మంట రాలేదు. కానీ వస్తుందో రాదో చూస్తూ కూర్చునే సమయం కాదది. బ్యాగు, ఫోను విమానంలోనే వదిలేసింది. చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి నీళ్లు తాగించారట. నాకు చేసిన ఫోను వాళ్లలో ఒకావిడదే.

‘ఇక చాలు బిడ్డా!’

ఇంటికొచ్చాక మా ఆవిడ ఒక్కటే మాట అంది, “ఇక చాలు బిడ్డా.” సౌందర్యను గుర్తు చేసింది. 2004 ఏప్రిల్ 17న ఎన్నికల ప్రచారానికి మా కరీంనగర్‌కే బయల్దేరి, బెంగళూరులో చిన్న విమానం లేచిన కాసేపటికే కూలి ఆమె పోయింది. ఆ రోజు మా వీధిలో ఎవరూ అన్నం తినలేదు. నేనేమో 1993 నవంబరు సంగతి ఎత్తాను. మద్రాసు నుంచి హైదరాబాద్ వచ్చిన ఎయిర్‌బస్, దిగే వీల్లేక వెనక్కి మళ్లి, ఇంధనం అయిపోవస్తుంటే తిరుపతి దగ్గర వరిపొలంలో దిగింది. అందులోని 262 మందీ బతికారు.

“వాళ్లు బతికారు. సౌందర్య బతకలేదు. మన పిల్ల ఏ లెక్కలోకి వస్తుందో మీరు చెప్తారా?” అంది మా ఆవిడ.

నా దగ్గర జవాబు లేదు. మా అమ్మాయే చెప్పింది. “అది నేనూ చెప్పలేనమ్మా. ఇంజిను ఎప్పుడు ఆగుతుందో నా చేతుల్లో లేదు. ఆగాక ఏం చేయాలో మాత్రం నా చేతులకు తెలుసు.”

ఆ చేతులు నిద్రలోనూ ఊరుకునేవి కావు. అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి, కుడిచెయ్యి పైకెత్తి కప్పు కోసం వెతికేది. మా ఆవిడ అది చూసి, ఏమీ అనకుండా ఆ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చునేది. మూడు వారాలు అలాగే గడిచాయి. ఓ సాయంత్రం వంటింట్లో తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకి చున్నీ బెల్టులా కట్టి, కళ్లు మూసుకుని ఎలా బయటపడాలో నేర్పించింది. ఇద్దరూ నవ్వుకోవడం ఆ ప్రమాదం తర్వాత అదే మొదలు.

తిరిగి శిక్షణకు వెళ్లేటప్పుడు వాళ్లమ్మ ‘వెళ్లిరా’ అనలేదు. “దిగగానే ఫోన్ చెయ్యి” అంది. ఇప్పుడు లైసెన్సు చేతికొచ్చింది. దిగిన ప్రతిసారీ ఆ ఫోను వస్తూనే ఉంది.

సామాను పోతే పోనీ...

మనం పైలట్లం కాకపోవచ్చు. కానీ బస్సో, విమానమో ఎక్కకుండా ఉండలేం కదా. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది చనిపోయినప్పుడు, డ్రైవర్లమంతా చాలా రోజులు తలుపుల గురించే మాట్లాడుకున్నాం. 2024 జనవరి 2న టోక్యో హనెడా విమానాశ్రయంలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం, రన్‌వే మీదున్న తీరరక్షక దళం విమానాన్ని ఢీకొని మంటల్లో చిక్కుకుంది. చిన్న విమానంలోని ఐదుగురు పోయారు. పెద్దదాని ఎనిమిది ద్వారాల్లో మూడే పనికొచ్చాయి. అయినా అందులోని 379 మందీ బయటపడ్డారు. సిబ్బంది చెప్పినట్టు సామాను వదిలేసి కదలడం అందుకు పెద్ద సాయమైంది.

మా అమ్మాయి చెప్పేది ఇంతే. ఎక్కగానే తలుపు ఎన్ని సీట్ల అవతల ఉందో లెక్కపెట్టుకోండి. పొగలో కళ్లు కనిపించకపోయినా చెయ్యి లెక్కపెడుతుంది. బెల్టు ఒకసారి పెట్టి, తీసి చూసుకోండి. నీళ్లలో దిగితే లైఫ్ జాకెట్‌ని బయటికొచ్చే దాకా ఊదకండి. లేకపోతే లోపలే కప్పుకి తేలి ఇరుక్కుపోతారు.

మొన్న వేములవాడ వెళ్తుంటే బస్సులో ఎమర్జెన్సీ తలుపుకి అడ్డంగా ఎవరివో రెండు బియ్యం మూటలున్నాయి. మా ఆవిడ లేచి, “ఇవెవరివి బాబూ? ముందు అక్కణ్నుంచి తీయండి” అంది. ‘ఇప్పుడేమైందమ్మా’ అన్నాడు ఒకాయన. తీసేదాకా సీట్లో కూర్చోలేదు.

డ్రైవరు అద్దంలోంచి చూసి, మూటలు పక్కకి జరిగాకే గేరు వేశాడు.