శివారు ఆయకట్టు

2021 మేలో మా కోవిడ్ వార్డుకు రక్తపరీక్షల రిపోర్టులు పొద్దున ఆరింటికి వచ్చేవి. లోపలికి తెచ్చిన కాగితం మళ్లీ బయటికి పోకూడదు. అందుకని హౌస్ సర్జన్ అమ్మాయి గాజు తలుపు అవతల నిలబడి గట్టిగా చదివేది, నేను పీపీఈ కిట్టులో చెమటలు కక్కుతూ కేస్ షీటు మీద రాసుకునేదాన్ని. "పదకొండో బెడ్డు, ఎస్‌జీఓటీ 96, ఎస్‌జీపీటీ 70. పన్నెండో బెడ్డు, 110, 64..." రెండూ లివర్ పరీక్షల్లో నలభై దగ్గర ఆగాల్సిన అంకెలు. ఊపిరితిత్తుల జబ్బుతో వచ్చినవాళ్లకు లివర్ ఎందుకు ఉలిక్కిపడుతోంది?

అంతకుముందు ఏడాది మొదటి వేవ్‌లో ఆ అంకెలు చూసి కంగారుపడేదాన్ని. చూడగా చూడగా వాటి తీరు తెలిసింది. చాలామందిలో రెండు మూడు రెట్లు పెరిగి, బిలిరుబిన్ మామూలుగానే ఉండి, రోగి కోలుకునేకొద్దీ వాటంతటవే దిగిపోయేవి. పైగా ఎస్‌జీఓటీ లివర్ ఒక్కదాని సొత్తు కాదు, కండరాల్లోనూ ఉంటుంది. ఒళ్లునొప్పులతో పక్క మీద మెసల్లేని లారీ డ్రైవరు ఒకాయనకు అది 210 వస్తే లివర్ అనుకున్నాం. సీపీకే చేయిస్తే రెండు వేలు దాటింది. దెబ్బ తగిలింది కండరాలకు.

వైరస్ నేరుగా లివర్ మీద పడుతోందా అని మా డాక్టర్ల మధ్య పెద్ద చర్చే నడిచేది. వైరస్‌కు పట్టు ఇచ్చే ఏస్-2 గ్రాహకాలు పైత్యనాళాల కణాల మీద ఎక్కువ, అసలు కాలేయ కణాల మీద తక్కువ. నా వార్డులో నేను చూసినంత మేరకు లివర్‌ను గట్టిగా కొట్టినవి వేరే ఉన్నాయి. ఆక్సిజన్ పడిపోవడం, మేమిచ్చిన మందులు, మా దగ్గరికి రాకముందే మింగిన మందులు.

దివిసీమ నుంచి వచ్చిన పెద్దమ్మ ఒకావిడ ఉండేది. ఒక రాత్రి పైపులో ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయింది. సిలిండర్లు మోసుకొచ్చి తగిలించేలోపు ఆవిడ సాచురేషన్ 58కి దిగింది, బీపీ కూడా జారిపోయింది. ఎలాగో నిలబెట్టాం. రెండు రోజులకు ఎస్‌జీఓటీ 3,400. గాజు తలుపు అవతలి అమ్మాయి చదవడం ఆపి, మళ్లీ ఒకసారి చూసి, మళ్లీ అదే చదివింది.

ఆవిడ కొడుకు ఫోన్ చేశాడు. "లివరు పోయిందంట గదండీ. మా అమ్మ మందూ మాకూ ఎరగని మనిషండీ." వరి పండించే రైతు. అతనికి ఎలా చెప్పాలా అని ఒక్క క్షణం ఆగాను. లివర్‌కు వచ్చే రక్తంలో దాదాపు మూడొంతులు పేగుల మీదుగా, ఆక్సిజన్ కొంత ఖర్చయ్యాకే వస్తుంది. అది కాలేయ కణాల వరుసల వెంట సాగి చివరికి నడిమి సిరలో కలుస్తుంది. దారి మొదట్లో ఉన్న కణాలు తాగగా మిగిలిందే ఆ చివరి కణాలకు. "మీది కాలువ చివరి పొలమేనా?" అని అడిగాను. "శివారేనండి." "బ్యారేజీ దగ్గర నీళ్లు తగ్గిస్తే ముందు ఎవరి చేను ఎండుతుంది?" అవతల కాసేపు మాట లేదు. తర్వాత అడిగాడు, "నీళ్లొదిలితే మళ్లీ పచ్చబడుద్దాండీ?"

నా చదువులో ఎవరూ అంత సూటిగా అడగలేదు. ఎండి ఎక్కువసేపు కాలేదు కాబట్టి పచ్చబడొచ్చు అన్నాను. మర్నాడు 1,700, ఆ తర్వాత 800, వారం తిరిగేసరికి 150. ఇలాంటి దెబ్బలో అంకె ఎంత వేగంగా ఎక్కుతుందో, రక్తప్రసరణ కుదుటపడ్డాక అంత వేగంగానూ దిగుతుంది. ఆవిడ ఇరవైనాలుగో రోజున కాన్సంట్రేటర్ వెంటబెట్టుకుని ఇంటికెళ్లింది. లివర్ అప్పటికే కోలుకుంది, ఊపిరితిత్తులకే ఇంకా టైము పట్టింది.

ఆ శివారు కణాలనే కాల్చే మందు ఒకటుంది. పారాసిటమాల్. మంచి మందే, లెక్క తప్పనంతవరకు. ఒక కుర్రాడి వాళ్ల అమ్మ తెచ్చిన సంచిని బల్ల మీద బోర్లించమన్నాను. జ్వరం బిళ్ల 650 మిల్లీగ్రాములది రోజుకు నాలుగు, జలుబు బిళ్ల మూడు, ఒంటినొప్పుల బిళ్ల రెండు. వెనక్కి తిప్పి చదివితే మూడింటిలోనూ పారాసిటమాల్ ఉంది. అన్నీ కలిపితే రోజుకు 4,750 మిల్లీగ్రాములు. ఆరోగ్యవంతుడికే 4,000 హద్దు, అతను నాలుగు రోజులుగా గంజి తప్ప ముట్టలేదు. పేర్లు మూడు కాబట్టి మూడు మందులనుకుంది ఆ తల్లి, ఆవిడ తప్పేముంది? విరుగుడుగా ఎసిటైల్ సిస్టీన్ ఎక్కించాం, గట్టెక్కాడు. అప్పటినుంచి ముందు సంచి చూస్తాను, తర్వాతే రిపోర్టు చూస్తాను. కషాయాల గురించీ అడుగుతాను. తిప్పతీగ నెలల తరబడి తాగి లివర్ వాపుతో వచ్చినవాళ్లను ముంబయి డాక్టర్లు 2021లోనే గుర్తించి రాశారు. ఆయుష్ శాఖ ఆ నివేదికను ఒప్పుకోలేదు. అడగడానికి మాత్రం ఆ వివాదం తేలేదాకా ఆగనక్కర్లేదు.

నేను అడగని ప్రశ్న ఒకటుంది.

నలభై ఏళ్ల మేస్త్రీ. ఆక్సిజన్ మీద వచ్చాడు. డెక్సామెథసోన్ రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున పది రోజులిచ్చాం. ఊపిరితిత్తులు ఇంకా తేరుకోలేదని, ఇంటికి పంపేటప్పుడు స్టెరాయిడ్ బిళ్లలు ఇంకో మూడు వారాలకు నేనే రాశాను. చేరినప్పుడు ఎస్‌జీపీటీ 62. వార్డంతా ఉన్న అంకే అది, అందుకే దాటేశాను. రెండో నెలలో కళ్లు పసుపుగా తిరిగి వచ్చాడు. ఎస్‌జీపీటీ 1,100, బిలిరుబిన్ 9. హెపటైటిస్ బి పాజిటివ్. ఒంట్లో ఏళ్లుగా నిద్రపోతున్న వైరస్ స్టెరాయిడ్‌తో కట్లు తెంచుకుని లేచింది. చేరిన రోజే వేలి చుక్కతో కార్డు పరీక్ష చేసి ఉంటే ఇరవై నిమిషాల్లో తెలిసేది. ముందుగా టెనోఫోవిర్ మొదలుపెట్టి ఉంటే ఈ కామెర్లను ఆపగలిగేవాళ్లం. ఆ రద్దీలో అందరూ మర్చిపోయారని ఎవరైనా అంటారేమో. ఆ కేస్ షీటు మీద ఉన్నది నా సంతకం.

2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద టెనోఫోవిర్ ఉచితం. మొదలుపెట్టాం. కామెర్లు తగ్గడానికి రెండు నెలలు పట్టింది, ఆ రెండు నెలలూ పని లేదు. భార్యకు పరీక్ష చేయించాం, నెగటివ్, టీకా వేశాం. పిల్లలిద్దరికీ పుట్టినప్పుడే పడింది.

ఇప్పటికీ మందుల కోసం వస్తాడు. మొన్నటిసారి స్ట్రిప్పులు సంచిలో వేసుకుంటూ, నిష్ఠూరమేమీ లేకుండా అడిగాడు.

"నేను కరోనాతో చేరినప్పుడే చూసుంటే ఇది తెలిసేదా మేడం?"

"తెలిసేది" అన్నాను.

తలూపి, మళ్లీ ఎప్పుడు రావాలో కాగితం మీద రాయించుకుని వెళ్లాడు.