కావలి పెద్దాయన మీద పడిన నింద

ఈసారి కాస్త పొడుగ్గా రాస్తున్నాం, ఓపికగా చదవండి. ధర్మపురిలో మేము పనిచేసే చింతపండు మండీ ఆఫీసులో జరిగిన సంగతి ఇది.

చింతపండు గింజ తీసే ఆడవాళ్లకు మా దగ్గర ఆదివారం పొద్దున వారం కూలి ఇస్తాం. శనివారం రాత్రి 10 గంటలకు కంప్యూటర్ తనంతట తానే హాజరు లెక్క తీసి, కూలి పట్టీ తయారుచేసి, డబ్బులిచ్చే గదిలోని కంప్యూటర్‌కు పంపాలి. విండోస్‌లోని టాస్క్ షెడ్యూలర్‌లో మేమే పెట్టుకున్న ఏర్పాటు. వరుసగా మూడు వారాలు పట్టీ రాలేదు. ఆదివారం పొద్దున మేము చేత్తో నొక్కితే మాత్రం చక్కగా నడిచేది. ఈలోగా ఆడవాళ్లు చంటిపిల్లలతో గంటసేపు వాకిట్లో కూర్చునేవాళ్లు.

చేత్తో నడుస్తోంది కాబట్టి తప్పు స్క్రిప్టుది కాదనుకున్నాం. మరి ఎవరిది? రాత్రి కావలి పెద్దాయనది! ఆయనే కంప్యూటర్ ఆపేస్తున్నాడని అందరం తేల్చేశాం. జీతంలో కోత పెట్టాలన్న మాట కూడా వచ్చింది. "లైట్లు మాత్రమే ఆర్పినాను సామీ, ఆ పెట్టె జోలికే పోలేదు" అని ఆయన మొత్తుకున్నా వినలేదు.

నాలుగో వారం తీరిగ్గా కూర్చుని చూశాం. టాస్క్ పక్కనే 'లాస్ట్ రన్ టైమ్' అని ఉంటుంది. అందులో శనివారం రాత్రి 10 గంటలనే ఉంది. అంటే ఆ వేళకు కంప్యూటర్ నడుస్తూనే ఉంది. పక్కన 'లాస్ట్ రన్ రిజల్ట్' 0ఎక్స్1. పని మొదలైంది, మధ్యలో తప్పింది. పెద్దాయన నిర్దోషి అని మొదటి రోజు నుంచీ అక్కడే రాసి ఉంది, మేమే చూడలేదు.

తప్పు మాదే. నెల కిందట, మేము లాగిన్‌లో లేకపోయినా పని నడవాలని సెట్టింగు మార్చాం. అలా నడిచేటప్పుడు మా లాగిన్‌లో కనిపించే జెడ్ డ్రైవ్ ఆ పనికి కనిపించదు. పట్టీ పంపాల్సింది ఆ డ్రైవ్‌కే. దాని బదులు అవతలి కంప్యూటర్ పేరుతో పూర్తి దారి రాశాం. 'స్టార్ట్ ఇన్' గడి కూడా ఖాళీగా ఉంది. అది ఖాళీ అయితే స్క్రిప్టు సిస్టమ్32 ఫోల్డర్‌లో నిలబడి మన ఫైళ్ల కోసం వెతుకుతుంది. అక్కడ మా ఫోల్డర్ దారి నింపాం. ప్రతి అడుగూ ఒక లాగ్ ఫైల్‌లో రాసేలా చేశాం. ఆ శనివారం పట్టీ సమయానికి వచ్చింది.

మీకూ ఇలాంటి ఏర్పాట్లు ఉంటే ఇంకో రెండు మాటలు. విండోస్ పాస్‌వర్డ్ మారిస్తే టాస్క్‌లోనూ కొత్తది ఇవ్వాలి. ల్యాప్‌టాప్ అయితే, 'కండిషన్స్'లో మార్చకపోతే, కరెంటు లేని వేళ పని మొదలుకాదు.

ఆదివారం పెద్దాయనకు టీ ఇచ్చి, అందరి ముందూ క్షమాపణ అడిగాం. "పోనీలెండి సామీ, పెట్టె సాక్షి చెప్పింది కదా" అన్నాడు. నిజమే, అది చెప్పింది. చెప్పలేని మనిషిని ముందు నమ్మి ఉండాల్సింది మేము.