ఇంజిన్ కొత్తది... ట్యాంకు పాతది!

మా బావకి జిప్సీ అంటే పిచ్చి. పాత బండిలోని 970 సీసీ కార్బురేటర్ ఇంజిన్ తీసేసి, 1298 సీసీ ఎంపీఎఫ్ఐ పెట్టించాడు. దానికి సుమారు 3 బార్ల ఒత్తిడి కావాలని కొత్త ఎలక్ట్రిక్ పంపూ బిగించాడు. ట్యాంకూ, పైపులూ మాత్రం పాతవే.

అరకు ఘాట్‌లో, పావు ట్యాంకు పెట్రోలుతో, మలుపు మలుపుకీ ఇంజిన్ ఎక్కిళ్లు పెట్టింది. వెనక లారీ. బండిలో అక్క, పిల్లలు. నాకైతే ప్రాణాలు గుప్పిట్లోనే ఉన్నాయి!

విశాఖలో ఓ పెద్ద మేస్త్రీ గుట్టు విప్పాడు. కార్బురేటర్‌లో చిన్న గిన్నె ఉంటుంది. మలుపులో ట్యాంకులోని పెట్రోలు ఓ పక్కకి ఒరిగినా, ఆ గిన్నెలోది కాసేపు ఆదుకుంటుంది. ఇంజెక్షన్‌కి ఆ నిల్వ లేదు. పంపు ఒక్క గుక్క గాలి మింగిందా... ఒత్తిడి ఢమాల్! పెద్ద ఇంజిన్, తాగేదీ ఎక్కువే. నిండు బరువుతో ఎక్కేటప్పుడు పెట్రోలు చాలకపోతే లోపల వేడి పెరిగి పిస్టన్‌కే చిల్లు పడొచ్చు. పైగా ఈ పంపు తోయడంలో మొనగాడు, పీల్చడంలో అర్భకుడు. సన్నటి పాత పైపుతో ఏం లాగుతుంది?

మందు... లీటరు పట్టే సర్జ్ ట్యాంకు, దాన్ని నింపడానికి ఇంకో చిన్న పంపు, తిరుగు పైపు, ఆ ఒత్తిడికి ఆగే హోసులు. హోసుల దగ్గర మాత్రం మేస్త్రీ బేరానికి ఒప్పుకోలేదు. కాలే సైలెన్సర్ పైపు మీద పెట్రోలు చిమ్మితే ఇంకేముంది?

బిల్లు చూసి బావ మూలిగాడు. ‘‘ముందు హోసులు, తర్వాతే అరకు’’ అంది అక్క.