ఆ రాత్రి వాంతి కాలేదు

మాది లాలాపేట్, ఫ్లైఓవర్ దిగినాక రెండో గల్లీ. నలభై నాలుగేళ్లకే నా బరువు 118 కిలోలు. షుగరు, మోకాళ్ల నొప్పులు. నిద్రలో గురక పెడుతూ పెడుతూ ఊపిరి ఆగిపోయేది. మా ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పొద్దుటి డ్యూటీ ఉన్నా, నన్ను తట్టి లేపడానికి సగం రాత్రి మేలుకొనే ఉండేవాడు. చివరికి బరువు తగ్గడానికి ఆపరేషన్ తప్పదన్నారు.

నాకు కోతంటే భయం లేదు, వాంతులంటేనే భయం. ఆరేళ్ల కింద గర్భసంచి తీసినప్పుడు, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చిన ప్రతిసారీ కడుపులో తిప్పేది. వాంతి చేసుకుంటే కుట్లు లాగేవి. కుట్లు లాగితే మళ్లీ ఇంజెక్షన్. రెండు రాత్రులు పసరు కక్కుతూనే ఉన్నాను. ఆపరేషనంటే ఇంతే కాబోలు అనుకుని ఎవరికీ చెప్పలేదు.

ఈసారి మత్తు డాక్టరమ్మకు అంతా చెప్పాను. జీర్ణాశయంలో మూడొంతులకు పైగా కోసి, మిగిలినదాన్ని పిన్నులతో మూస్తారు కదా, దాని మీద వాంతులైతే ఎట్లా అని అడిగాను. మార్ఫిన్ లాంటి మందులు నొప్పిని అణిచినా వాంతులు తెస్తాయని, ఊపిరిని కూడా మందగింపజేస్తాయని, నిద్రలో ఊపిరాగే నాలాంటివాళ్లకు అవి ఎంత తక్కువైతే అంత మేలని చెప్పింది. "పొట్ట గోడకు పోయే నరాలు కండరాల పొరల మధ్య నుంచి పోతాయమ్మా. అక్కడే మందు ఎక్కిస్తాం. ట్యాప్ బ్లాక్ అంటారు" అన్నది. దీని గురించి 2001లో రఫీ అనే డాక్టరు మొదట రాశాడట. అప్పుడు చేత్తో తడిమి సూది దింపేవారు, ఇప్పుడు స్కాన్‌లో చూస్తూ దింపుతున్నారు. లోపలి నొప్పి దీంతో పోదని, ఆపరేషన్‌కు పొట్టలో నింపే గ్యాస్ వల్ల భుజం లాగుతుందని కూడా దాచకుండా చెప్పింది.

ఆపరేషన్ అయ్యాక భుజం నిజంగానే లాగింది. నోరు ఎండిపోయింది. సాయంత్రం నర్సు లేపి నడిపించింది, కాళ్లలో రక్తం గడ్డకట్టకూడదని. కోసిన చోట్లు మొద్దుబారి ఉన్నాయి. ఒకసారి వికారం వచ్చింది, మందిస్తే తగ్గింది. వాంతి మాత్రం కాలేదు.

మర్నాడు బ్లాక్ దిగిపోయాక నొప్పి కమ్ముకొచ్చింది. పారాసెటమాల్ సెలైన్ పెట్టారు. పళ్లు బిగబట్టాను, కానీ అప్పటికి గుక్క గుక్కగా నీళ్లు దిగుతున్నాయి.

డిశ్చార్జి కాగితంలో బ్లాక్ సంగతీ, పాత వాంతుల సంగతీ రెండూ రాయించుకున్నాను. బీరువాలో ఆధార్ కార్డు పక్కనే పెట్టాను.