తప్పు ర్యాముది, మాట పడ్డది పోరగాడు

సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అనగానే చుట్టాలందరికీ మనం కంప్యూటర్ డాక్టర్లలాగే కనిపిస్తాం. ప్రింటర్ పనిచేయకపోయినా మనకే ఫోను, ఫోను ఛార్జింగ్ ఎక్కకపోయినా మనకే ఫోను. నేను రాసేది జావా, మదర్‌బోర్డు విప్పి చూసి ఏళ్ళయింది అని మొత్తుకున్నా ఎవరూ వినరు. ఇన్నాళ్ళూ దీన్ని జోకుగానే చెప్పుకునేవాణ్ణి. 2023 మే నెల తర్వాత మాత్రం చెప్పబుద్ధి కావట్లేదు.

మాది కరీంనగర్. అక్కను ఆదిలాబాద్ ఇచ్చాం. బావకు అక్కడ ఫోటో స్టూడియో ఉంది, పెళ్ళి ఆల్బమ్‌లు కూడా అక్కడే చేస్తారు. ఉన్నది ఒకటే కంప్యూటర్. దాని ముందు కూర్చునేది జైనథ్ వైపు నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే ఓ ఇరవై ఏళ్ళ పిల్లగాడు. ఫోటోషాప్ నత్తలా నడుస్తోందని ఆ ఫిబ్రవరిలో బావ సీపీయూ పట్టుకుని కరీంనగర్ వస్తే, ఇద్దరం ఓ షాపుకెళ్ళి ఉన్న 8 జీబీకి తోడు ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించాం. షాపతను బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి "రెండూ 3200ల నడుస్తయి సార్" అన్నాడు. పక్కన నిలబడి తలూపింది నేనే.

ఏప్రిల్ చివర్లో గొడవ మొదలైంది. ఓ పెళ్ళి ఫోటోలు కార్డులోంచి కాపీ చేసి తెరిస్తే కొన్నింట్లో పైసగం బాగానే ఉంది, కింది సగం గులాబీ రంగు, ఆకుపచ్చ రంగు పట్టీలు. అందులో జీలకర్ర-బెల్లం ఫోటోలు కూడా ఉన్నాయి. కాపీ అయ్యాక కార్డు ఫార్మాట్ చేయడం అలవాటు కాబట్టి అసలువీ లేవు. పిల్లవైపు వాళ్ళు షాపు ముందుకొచ్చి లొల్లి చేశారు, డబ్బులు ఇవ్వమన్నారు.

బావ ఫోను చేసినప్పుడు నేను మీటింగులో ఉన్నాను. వాట్సాప్‌లో ఏదో స్క్రీన్ ఫోటో పంపానన్నాడు. చూడకుండానే అనేశాను, "ఏం లేదు బావా, వైరస్ అయ్యుంటది. పోరగాడు ఏదో డౌన్‌లోడ్ చేసుంటడు. ఫార్మాట్ కొట్టించు."

పది రోజుల తర్వాత మళ్ళీ ఫోను. "ఫార్మాట్ కొట్టించిన. పోరన్ని గూడ పనిలకెళ్లి తీసేసిన. అయినా మళ్ల గట్లనే అయితంది."

నాకు కాసేపు మాట రాలేదు. ఆ శనివారమే పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86+ వేసుకుని ఆదిలాబాద్ బస్సెక్కాను. జగిత్యాల దాటాక ఏమీ తోచక వాట్సాప్‌లో ఆ పాత ఫోటో తెరిచాను. నీలం స్క్రీన్, అడుగున చిన్న అక్షరాల్లో మెమరీ మేనేజ్‌మెంట్ అని ఉంది. ఆ ఫోటో తీసి బావకు పంపింది ఎవరనుకుంటున్నారు? ఆ పిల్లగాడే. జబ్బు పేరు వాడు రాసి పంపితే, నేను వాణ్ణే జబ్బు అన్నాను.

సరే, పరీక్షల సంగతి చెబుతాను. రాత్రి షట్టర్ దించాక రెండు మాడ్యూళ్ళతో నడిపితే ఒక్క ఎర్రర్ లేదు. బావ నావైపు అదోలా చూశాడు. మర్నాడు మధ్యాహ్నం, బయట ఎండ 40 దాటాక, అదే పరీక్ష మళ్ళీ పెట్టాను. ఇరవై నిమిషాల్లో ఎర్ర గీతలు. ఉండాల్సిన విలువ పక్కన, ఉన్న విలువ. రెంటికీ తేడా ఒక్క బిట్టు!

ఆ ఒక్క బిట్టు చాలు. జేపెగ్‌లో ముందు బిట్లు సరిగా చదివితేనే తర్వాతవి అర్థమవుతాయి. మధ్యలో ఒకటి తిరగబడితే అక్కణ్ణుంచి కిందికి రంగులన్నీ గల్లంతు. కార్డులోంచి డిస్కుకు పోయే ప్రతి ఫోటో ర్యామ్ మీదుగానే పోవాలి కదా.

ఇక్కడ తొందరపడితే మళ్ళీ పాత తప్పే. అందుకని ఒకసారికి ఒక్కటే మార్చాను. పాత మాడ్యూల్ ఒక్కటే పెట్టి, 3200లో, మధ్యాహ్నం పూట: శుభ్రం. అదే స్లాట్‌లో కొత్తది ఒక్కటే పెడితే బోర్డు దాన్ని 2666లో నడిపింది: శుభ్రం. "రెండూ మంచిగనే ఉన్నయ్ గదా మరి?" అన్నాడు బావ. అప్పుడు కొత్తదాని మీది స్టిక్కర్ చదివాను. 2666 అనే ఉంది! ఫిబ్రవరిలో నేను చదవని అక్షరాలు అవి. దాన్నొక్కదాన్నే చేత్తో 3200కి, 16-18-18-38 టైమింగ్స్‌కి మార్చి చూశాను. ఎర్రర్లు వచ్చేశాయి.

టైమింగ్స్ అంటే పెద్ద విద్యేం కాదు. అడిగాక డేటా కోసం ఎన్ని క్లాక్‌లు ఆగాలో చెప్పే అంకె సీఎల్. 3200లో ఒక క్లాక్ 0.625 నానోసెకన్లు, సీఎల్ 16 అంటే 10 నానోసెకన్లు. 2666లో క్లాక్ 0.75, సీఎల్ 19 అంటే 14.25. అంటే 14 నానోసెకన్లకు వండి పెడతానన్నదాన్ని 10కే వడ్డించమన్నాం. మిర్చి బండి దగ్గర బజ్జీ వేగకముందే నూనెలోంచి లాక్కుంటే ఏమవుతుంది, లోపల పిండి పచ్చిగా ఉంటుంది. పైగా ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఓ బుల్లి కెపాసిటర్‌లో ఉండే ఛార్జి. అది కారిపోతూ ఉంటుంది, అందుకే 64 మిల్లీసెకన్లకోసారి మళ్ళీ నింపుతుంటారు. వేడి పెరిగితే కారడమూ పెరుగుతుంది. అంచు మీద నడుస్తున్నదాన్ని ఆదిలాబాద్ మే నెల కాస్త తోసింది, అంతే.

ఎక్స్‌ఎంపీ ఆపేసి రెంటినీ 2666లో, 1.2 వోల్టుల్లో పెట్టాను. మధ్యాహ్నం మూడు పాస్‌లు, సున్నా ఎర్రర్లు. ఆశ చావక 2933, సీఎల్ 18 పెడితే ఒక్క ఎర్రర్ వచ్చింది. బుద్ధిగా వెనక్కొచ్చేశాను :) ఆల్బమ్ పనిలో ఆ తేడా బావకు తెలియను కూడా తెలియలేదు.

ఇలా పొరపడింది నేనొక్కణ్ణే కాదు. 2022 అక్టోబరులో లైనస్ టోర్వాల్డ్స్ మెషీన్‌లో ఇలాగే బిల్డ్‌లు కూలిపోతుంటే, ఆయన ముందు కొత్త కెర్నల్ మార్పులనే అనుమానించాడు. చివరికి రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపితే తేలింది, చెడింది ఓ ర్యామ్ మాడ్యూల్ అని. గూగుల్ సర్వర్ల మీద చేసి 2009లో బయటపెట్టిన అధ్యయనంలో ఏడాదికి వందకు ఎనిమిది మాడ్యూళ్ళ పైనే ఎర్రర్లు కనిపించాయి. సర్వర్లలో ఈసీసీ ఉంటుంది కాబట్టి లెక్క తేలింది. మన మామూలు పీసీల్లో లెక్కపెట్టేవాడే లేడు, అందుకని నింద ఎవరో ఒక మనిషి మీద పడుతుంది. లైనస్ సంగతి నేను అప్పుడే చదివాను. చదివి ఏం లాభం?

సాయంత్రం బావకు అన్నీ చూపించాను. "తప్పు నీది గాదు బావా, నాది. వైరస్ అన్నది నేను" అన్నాను. బావ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత గల్లా తెరిచి, నష్టం కింద ఆపుకున్న ఏప్రిల్ జీతం లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. అక్క మాత్రం ఊరుకోలేదు, "నువ్వే పోయి ఇయ్యి, తమ్మునితోని పంపుడేంది?" అంది. ఇద్దరం కలిసే వెళ్ళాం.

పిల్లగాడు బస్టాండ్ దగ్గర ఓ మొబైల్ షాపులో స్క్రీన్ గార్డులు అతికిస్తున్నాడు. జరిగింది చెప్పి, తప్పు నాదేనన్నాను. అరవలేదు, నిష్ఠూరమాడలేదు. డబ్బులు జేబులో పెట్టుకుని, "అన్నా, ఒక్కపాలి మా బాపుకు ఫోన్ జేసి చెప్పుండ్రి. నేనే ఖరాబు జేసిన అనుకుంటుండు" అన్నాడు.

ఫోను బావే తీసుకున్నాడు. "మీ పోరనిది ఏం తప్పు లేదే. మేమే తెల్వక అన్నం" అన్నాడు. అవతలి మాట నాకు వినపడలేదు. ఆ పిల్లగాడు మాత్రం మావైపు చూడకుండా స్క్రీన్ గార్డు మీద బుడగలు వత్తుతూనే ఉన్నాడు. స్టూడియోకి తిరిగి రాలేదు. రమ్మని గట్టిగా అడిగే మొహం మాకూ లేదు.

ఇప్పుడు చుట్టాల నుంచి ఫోనొస్తే ముందు పంపిన ఫోటో తెరిచి చదువుతున్నాను. తెలియకపోతే తెలియదు, చూసి చెప్తా అంటున్నాను. మనం మీటింగులో కూర్చుని ఊరికే అనేసిన మాట అక్కడ ఇంజనీరు మాట అయిపోతుంది. మెమ్‌టెస్ట్ పెట్టడానికి ఓ పెన్‌డ్రైవు, ఓ మధ్యాహ్నం చాలు. ఆ నాన్న దగ్గర పోయిన మాటను ఏ బయోస్‌లో సరిచేస్తాం?