కుంట ఎండితే దారి ఎవరికి తెలుసు?

అమెరికాలోని మేరీల్యాండ్ తూర్పు తీరంలో చెస్టర్‌టౌన్ చుట్టుపక్కల ఎటు చూసినా మొక్కజొన్న, సోయా చేలే. చెసపీక్ ఫార్మ్స్ అనే క్షేత్రం ఆ చేల మధ్యనే ఉంది. అక్కడి కుంటలు కొన్నిటిని ఏటా ఖాళీ చేస్తారు. నీళ్లు పోగానే తాబేళ్లు గట్టెక్కి ఎండిపోని మరో కుంటకు బయల్దేరతాయి. వెతుక్కుంటూ అనలేం, పెద్దవాటికి దారి తెలుసు. నేను వెళ్లింది ఆ నడక చూడటానికే.

వెంట వచ్చిన విద్యార్థిని ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చూపించింది. పెయింటెడ్ టర్టిల్. నల్లటి డిప్ప, అంచున ఎర్రటి గుర్తులు, మెడ పొడవునా పసుపు చారలు. వీపు మీద బంకతో అతికించిన చిన్న ట్రాన్స్‌మిటర్. కింద పెడితే చాలాసేపు కదల్లేదు. మెల్లగా మెడ చాచి, చుట్టూ చూసి, గడ్డిలోకి దూరింది. మేం యాంటెన్నా పట్టుకుని శబ్దం వెంట నడిచాం.

ఏరన్ క్రాక్మల్, టిమొతీ రాత్ అనే శాస్త్రవేత్తలు ఇక్కడి తాబేళ్లను ఇలాగే వెంబడించి 2015లో ఫలితాలు ప్రకటించారు. పెద్దవి ఎప్పుడూ అవే దారులు పడతాయి, తేడా 3.5 మీటర్లకు మించదు. వేరే చోటి నుంచి తెచ్చి వదిలిన పెద్దవి నీళ్లు చేరలేకపోయాయి. మూడేళ్లలోపు పిల్లలు మాత్రం కొత్తచోటైనా దారి పట్టాయి. ఆ వయసు దాటితే ఇక నేర్చుకోలేవు. తర్వాత జ్ఞాపకానికి అడ్డుపడే స్కోపలమైన్ మందు ఇచ్చి చూస్తే పెద్దవి దారి తప్పాయి, పిల్లలు తప్పలేదు. అంటే పెద్దవి గుర్తుతో నడుస్తున్నాయి, పిల్లలు చుట్టూ కనిపించేదాన్ని బట్టి నడుస్తున్నాయి.

వాటికి ఏం కనిపిస్తుందో! మన అక్వేరియం దుకాణాల్లో అమ్మే రెడ్ ఇయర్డ్ స్లైడర్ తాబేలు ఈ పెయింటెడ్ టర్టిల్‌కు దగ్గరి చుట్టమే. దాని కంట్లో రంగులు పట్టే కణాలు నాలుగు రకాలు, మనకు మూడే. ఆ నాలుగోది మన కంటికి ఆనని అతినీలలోహిత కాంతిని పట్టుకుంటుంది. ఆ కణాల్లో ఎర్రటి, పసుపు నూనెబొట్లు కూడా ఉంటాయి, వెలుగును వడగట్టడానికి. నేనూ మోకాళ్ల మీద వంగి, తాబేలు ఎత్తు నుంచి చూశాను. గడ్డిపరకలు తప్ప ఏమీ కనిపించలేదు.

రోడ్డో కాలనీయో వస్తుంటే తాబేళ్లను ఏరి మరో చెరువులో వదిలి, కాపాడామనుకోవడం ఎక్కడైనా ఉన్నదే. నాకది ఇక ఒప్పుకోబుద్ధి కావడం లేదు. ముదిరిన తాబేలుకు ఆ కొత్త నేల ఎన్నటికీ అలవడకపోవచ్చు. తరలించక తప్పకపోతే పిల్లల్ని తరలించాలి. పెద్దవి నడిచే దారిని ముందే గుర్తించి, రోడ్డు వేసినా దాని కింద అవి దాటేందుకు తూము వదలాలి.